కంసాలి పెట్టె

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పెట్టె లేని ఇల్లు వుంటుందా చెప్పండి? మన చిన్నతనంలో వెనకగదిలో భోషాణం, పడకగదిలో బట్టల పెట్టె, దేవుడి గూట్లో కుంకుమ భరిణ, తాతగారి పడక్కుర్చీ పక్కన తమలపాకుల పెట్టె వుండేవి. ఏ పెట్టె తాళం ఎవరి మొలలో వుందో చూస్తే, ఆ యింట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలిసిపోయేది. ఈవేళ నేను మీకు చెప్పబోయేది అలాంటి ఒక పెట్టె సంగతి. చిన్న పెట్టే కాని దాని కథ మాత్రం చిన్నది కాదు.

మా అమ్మమ్మ దగ్గర ఒక పెట్టె వుండేది. జానెడున్నర పొడుగు, జానెడు వెడల్పు. పైన తెల్లగా, కాస్త పసుపు తిరిగిన దంతపు రేకులు. వాటి అంచులవెంట నల్లని సన్న గీతలతో లతలు, ఆకులు, పువ్వులు. మూత తియ్యగానే గంధపు వాసన గుప్పుమనేది, ఎందుకంటే దంతం పై తొడుగు మాత్రమే, లోపలిదంతా గంధపు చెక్క. అందులో ఒక పళ్లెం, ఆ పళ్లెంలో చిన్న చిన్న అరలు. ఒక అరలో వక్కలు, ఒక అరలో లవంగాలు, ఒక అరలో పిల్లల జాతకాలు మడతపెట్టి వుంచుకునేది అమ్మమ్మ. ఆ అరలు దారపు కండెల కోసం, సూదుల కోసం చేసినవని పాపం ఆవిడకి తెలీదు. తెలిసినా లవంగాలు మరోచోట పెట్టేది కాదనుకోండి!

ఆ పెట్టె మా యింటికి ఎలా వచ్చిందంటే, అమ్మమ్మ తాతగారు విశాఖపట్నంలో ఒక దొర దగ్గర గుమాస్తాగా వుండేవారట. దొరగారి కుటుంబం సీమకు తిరిగి వెళ్లిపోతూ సామానంతా సర్దుకున్నప్పుడు, మూల ఒక రేకు వూడిన ఈ పెట్టెను దొరసాని ఆయన చేతిలో పెట్టిందట. మూత మధ్య కోడిగుడ్డు ఆకారంలో ఒక చట్రం, అందులో ఆ దొరసాని పేరు తాలూకు రెండు ఇంగ్లీషు అక్షరాలు వుండేవి. మా యింట్లో మాత్రం ఎవరూ దాన్ని దొరసాని పెట్టె అనలేదు. అమ్మమ్మ ఎప్పుడూ "ఆ కంసాలి పెట్టె ఇలా తే" అనేది. మేమూ అలాగే అన్నాం. ఎందుకలా అంటున్నామో ఎవరమూ ఆలోచించలేదు.

ఆలోచింపజేసింది మా మేనకోడలు. కాలేజీలో చదువుతోంది. ఆమధ్య మా మేనమామగారి యింట్లో ఆ పెట్టె చూసి కాసేపు తడిమి తడిమి, "అత్తా, దీన్ని చూసి ముచ్చటపడమంటావా, సిగ్గుపడమంటావా? దీనికోసం ఒక ఏనుగు చచ్చిపోయింది కదా!" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ చదివిన సంగతులే ఈవేళ మీతో చెబుతున్నాను.

ఈ పెట్టెలకు పుట్టిల్లు మన విశాఖపట్నం. విదేశాల మ్యూజియాల్లో వీటిని 'వైజాగపటం పని' అంటారు. వూరి పేరే వస్తువు పేరైంది. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే మూడు వందల యేళ్లు వెనక్కి వెళ్లాలి. పదిహేడో శతాబ్దంలో ఐరోపా వర్తకులు మన తూర్పు తీరానికి ముఖ్యంగా బట్టల కోసం వచ్చారు. డచ్చివారు భీమునిపట్నంలో దిగారు. వారి సమాధులు ఇప్పటికీ అక్కడ వున్నాయి. ఇంగ్లీషు కంపెనీవారు 1682లో విశాఖపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున బర్మాలోని పెగూ నుంచి కలప, ఏనుగు దంతం ఓడలమీద వచ్చేవి. ఇక మన్యం కొండల్లో మంచి చేవకర్రకు లోటు లేదు. సరుకు వుంది, రేవు వుంది, కొనేవాడు గుమ్మంలో వున్నాడు. పనివాడు ముందునుంచీ వున్నాడు.

1756లో జాన్ కార్నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి విశాఖపట్నం చూసి రెండు విషయాలు మెచ్చుకుని రాసుకున్నాడు. ఒకటి ఇక్కడి అద్దకపు బట్టలు, రెండోది చెక్కలో దంతం పొదిగే పని. అతను మెచ్చుకున్న మరుసటి యేడే, 1757 జనవరిలో, బొబ్బిలి యుద్ధం జరిగింది. 1765లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్లిపోయినవి. రాజులూ, ఫ్రెంచివారూ, ఇంగ్లీషువారూ కోటలకోసం కొట్టుకుంటున్న ఆ కాలంలోనే ఏదో వీధి అరుగుమీద కూర్చుని ఒకాయన దంతపు రేకుమీద పువ్వు గీస్తున్నాడన్నమాట. చరిత్ర పుస్తకాల్లో మొదటివాళ్ల పేర్లే వుంటాయి.

ఆ ఒకాయన ఎవరు? 1901లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతంలోని దంతపు పనిమీద ఒక చిన్న గ్రంథం ప్రచురించాడు. విశాఖలో ఈ పని కంసాలుల చేతుల్లో వున్న సంగతి అతని రాతలవల్ల తెలుస్తుంది. ఇది చదివినప్పుడు నేను వులిక్కిపడ్డాను. మా అమ్మమ్మ నోట వచ్చిన మాట వూరికే వచ్చింది కాదన్నమాట!

పెట్టె అంటే వడ్రంగి పని కదా, కంసాలి ఎందుకు చేశాడని మీకు అనిపించవచ్చు. విశ్వకర్మ సంతతిగా చెప్పుకునే మన పనివారిలో కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అని అయిదు వృత్తులు. ఒకరి పని ఇంకొకరికి బొత్తిగా తెలియనిదేమీ కాదు. పైగా ఈ పెట్టెలో కష్టమంతా మూతమీది గీతలోనే వుంది. వెండిపళ్లెం మీద పేరు చెక్కే చెయ్యీ, గాజుమీద లత తీసే చెయ్యీ దంతం మీద కూడా అంత సన్నంగానూ గీత తియ్యగలవు. ఇంకొక సంగతి చూడండి. ఆ గీతల్లో నింపేది లక్క. లక్క కంసాలికి నిత్యం చేతిలో మెదిలే వస్తువు. బోలు నగల్లో లక్క పోసి గట్టిపరచడం మనందరం చూసిందే. ఆడపిల్ల మురుగుల్లో పోసిన లక్కే దొరసాని పెట్టెమీద పువ్వైందంటే ఆశ్చర్యం ఏముంది!

ఈ పెట్టె చేసే విధానం కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. ఆ మార్పులే ఈ కథకు ప్రాణం, కాబట్టి కొంచెం ఓపికగా వినండి.

మొదటి రోజుల్లో చేసినది అసలైన పొదుగు పని. నల్లని ఎబొనీ చేవగానీ, రోజ్‌వుడ్ అని మనం పిలిచే ఇరుగుడు చేవగానీ తీసుకుని పెట్టె బిగించేవారు. ఆ చెక్కలో పువ్వు ఆకారంలో, ఆకు ఆకారంలో గుంట తవ్వేవారు. సరిగ్గా ఆ గుంటకు పట్టేలా దంతపు ముక్క కోసి అందులో కూర్చేవారు. గుంట వెంట్రుకవాసి పెద్దదైతే ముక్క కదులుతుంది, చిన్నదైతే దిగదు. కూర్చిన తర్వాత ఆ ముక్కమీద సన్న వులితో రేకుల గీతలు, ఆకు యీనెలు తీసి, వాటిలో నల్ల లక్క నింపేవారు. చీకట్లో మల్లెపువ్వులు విచ్చినట్టు నల్లచెక్క మీద తెల్లపువ్వు, తెల్లపువ్వులో మళ్లీ నల్లగీత. ఆ మెలికలు తిరిగే తీగెలు, విచ్చుకున్న పెద్ద పువ్వులు మన తీరంలో నేసి అద్దిన కలంకారీ బట్టల మీదవే. దుప్పటిమీది తీగె పెట్టెమీదికి పాకింది. కార్నీల్ దొర బట్టలనూ పెట్టెలనూ ఒక్కచోటే మెచ్చుకున్నాడంటే అందులో అర్థం వుంది, రెండూ ఒకే తీరపు పువ్వులు పూశాయి.

తరవాత పద్దెనిమిదో శతాబ్దం గడిచేకొద్దీ ఇంకొక పద్ధతి పైకి వచ్చింది. దంతాన్ని ముక్కలుగా పొదగడం మాని, పలచని రేకులుగా కోసి పెట్టె పైభాగమంతా తొడగడం మొదలుపెట్టారు. లోపల నల్లచేవకు బదులు గంధపు చెక్క. మా అమ్మమ్మ పెట్టె ఈ జాతిదే.

దాని తయారీ నేను అర్థం చేసుకున్నంతవరకు చెబుతాను. ముందు ఎండిన గంధపు చెక్కను చిత్రికపట్టి, అతుకు కనపడకుండా పెట్టె బిగిస్తారు. చెక్కలో తడి వుంటే రేపు అది ముడుచుకుంటుంది, పైనున్న దంతం పగులుతుంది. దంతాన్ని సన్నపళ్ల రంపంతో రేకులుగా కోస్తారు. దంతం ఎంత పొడుగున్నా గుండ్రంగా, వంపు తిరిగి, మొదట్లో బోలుగా వుంటుంది. కాబట్టి వెడల్పాటి రేకు అన్నిచోట్లా దొరకదు. చిన్న చిన్న రేకులు పక్కపక్కన పేర్చాలి. ఆ రేకుల్ని జిగురుతోనూ, సన్నని సీలలతోనూ చెక్కకు బిగిస్తారు. తరవాత నునుపు చేస్తారు.

అప్పుడు మూత ముగ్గు మొదలవుతుంది. ముగ్గు అనే ఎందుకంటున్నానంటే, దాని పద్ధతి మన వాకిట్లో ముగ్గు పద్ధతే. ముందు అంచు కట్టుకోవాలి. నాలుగు పక్కలా రెండేసి గీతలు, వాటి నడుమ పరుగెత్తే తీగె. మూల దగ్గర తీగె తెగకుండా తిరగాలి. ముగ్గు వేసేవాళ్లకి తెలుసు, మూల తిప్పడమే అసలు పరీక్ష! తరవాత నడుమ చట్రం. అంచుకూ చట్రానికీ మధ్య కొంత తెల్లచోటు వదిలిపెట్టాలి. నిండా నింపేస్తే అందం పోతుంది. గీతలన్నీ వులితో తీశాక, కరిగిన నల్ల లక్కను వాటిలో నింపి, ఆరాక పైపైన వున్నదంతా గీకేస్తారు. గీతలో వున్న లక్క మాత్రం నిలుస్తుంది. వేలితో తడిమితే గీత తగలకూడదు, కంటికి మాత్రం కనపడాలి. మా మేనకోడలు తడిమి తడిమి చూసింది అందుకే.

ముగ్గైతే తప్పు పడితే చెరిపి మళ్లీ వేసుకుంటాం. దంతం మీద వులి జారితే చెరపడం లేదు. రెండు వందల యేళ్లనాటి ఆ గీతలు చూస్తుంటే ఆ మనిషి వూపిరి బిగబట్టి గీసినట్టే అనిపిస్తుంది.

ఈ తొడుగు పని ఎంతదూరం పోయిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1773 నుంచి 1775 వరకు మద్రాసు గవర్నరుగా వున్న అలెగ్జాండర్ వించ్ విశాఖలో తయారైన దంతపు కుర్చీలు, మరికొన్ని సామాన్లు ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. 1781లో ఆయన పోయాక వాటిని వేలం వేస్తే, మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. ఇప్పటికీ అవి బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో వున్నాయి. విశాఖ కంసాలి గీసిన తీగె ఇంగ్లండు రాణిగారి గదిలోకి వెళ్లింది. ఆయన మాత్రం ఆ గది చూడలేదు, చూస్తానని అనుకునీ వుండడు.

రాణికి కుర్చీలైతే, మామూలు ఇంగ్లీషు దొరసానులకు పెట్టెలు. తేయాకు పెట్టెలు, వుత్తరాల పెట్టెలు, అన్నిటికన్నా ఎక్కువగా కుట్టుపని పెట్టెలు. 'వర్క్ బాక్స్' అంటారు, అంటే పని పెట్టె. ఆ రోజుల్లో ఇంగ్లీషు ఆడవాళ్ల మాటల్లో పని అంటే కుట్టుపనే. ఇంటికి ఎవరైనా వచ్చినా చేతిలో కుట్టు వుండాల్సిందే, అది మర్యాద. అందుకని ఆ పెట్టె నలుగురూ చూసే చావడిలో బల్లమీద వుండేది. అందుకనే దానికి అంత అలంకారం. మన పనిమట్లు, అట్లకాడ, రోకలి, చేట, ఎవరికంటా పడకుండా వంటింట్లో వుంటాయి, వాటికి పువ్వులు చెక్కించినవాడు లేడు!

ఆ పని పెట్టెల్లో కొన్ని అచ్చం ఇల్లులాగే వుంటాయి. నాలుగు గోడలు, గోడలమీద గీతలతో కిటికీలు, తలుపులు. పైకప్పు ఎత్తితే అదే మూత. లోపల పళ్లెం, అరలు, దారం చుట్టుకునే కండెలు, గుండుసూదుల దిండు. సముద్రాలు దాటి వచ్చి, ఎండలో, జ్వరాల్లో, పుట్టిన పిల్లల్ని పోగొట్టుకుంటూ గడిపిన ఆడవాళ్లకు ఆ చిన్న ఇల్లు ఒళ్లో పెట్టుకుంటే పుట్టిల్లు గుర్తుకొచ్చి వుంటుంది. పుట్టింటి బెంగ అనేది ఏ దేశం ఆడదానికైనా ఒకటే కదా. ఆ బెంగను తీర్చే బొమ్మరిల్లు చేసింది మాత్రం, ఇంగ్లండులో ఇల్లు ఎలా వుంటుందో ఎన్నడూ కళ్లతో చూడని మనిషి. బొమ్మలు చూసి, దొరలు చెప్పినట్టు చేశాడు.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. గంధపు పెట్టెలమీద చిన్న చిన్న నక్షత్రాల్లాగా, తేనెపట్టు గదుల్లాగా రంగురంగుల ముగ్గు వున్నవి కొన్ని మీరు చూసివుంటారు. అవి మనవి కావు. అది సాదేలీ పని, సూరతు, బొంబాయి వైపుది. ఇరాన్ దేశం నుంచి వచ్చిన విద్య. దంతం, కొమ్ము, కర్ర, తగరం సన్నని పుల్లలుగా చేసి, కట్టగట్టి జిగురుతో అతికి, ఆ కట్టను అడ్డంగా పలచగా కోస్తారు. కోసిన ప్రతి బిళ్లలోనూ అదే నక్షత్రం వస్తుంది. అందంగా వుంటుంది, కాని ఒక కట్టనుంచి వచ్చిన బిళ్లలన్నీ ఒక్కతీరే. మన విశాఖ పెట్టెమీది పువ్వు అలా రాదు. ఒక్కొక్క రేకూ విడిగా గియ్యాలి. ఏది గొప్ప అని నేను తగవు పెట్టను. దేని కష్టం దానిది.

పందొమ్మిదో శతాబ్దంలో పని ఇంకా మారింది. దంతంతోపాటు కొమ్ము, తాబేటి చిప్ప, ఏదుపంది ముళ్లు వచ్చిచేరాయి. గంధపు చెక్కమీద దంతాన్ని జాలీలాగా కోసి పరచడం, నల్లని కొమ్ముపట్టీలతో అంచులు కట్టడం మొదలైంది. బొమ్మలూ మారాయి. పువ్వులతోపాటు వేట దృశ్యాలు, మన దేవతల రూపాలు వచ్చాయి. థర్‌స్టన్ చూసినది ఈ దశనే. అప్పటికి పెట్టెలతోపాటు కలందానులు, చేతికర్రలు, చదరంగం పావులు, ఫొటో చట్రాలు కూడా చేస్తున్నారు. ఏది అడిగితే అది, ఎవరు అడిగితే వారికి.

ఈ కథంతా వరసగా పెట్టి చూసుకుంటే నాకొకటి తోచింది. నల్లచేవ పోయి గంధం వచ్చింది. పొదుగు పోయి తొడుగు వచ్చింది. దంతం పక్కకి కొమ్ము వచ్చింది, ముల్లు వచ్చింది. కొనేవాడి మోజు మారింది, పెట్టె ఆకారం మారింది. ఇన్ని మారినా పని నిలిచింది. అంటే ఆ పని గొప్పతనం దంతంలో లేదు, చేతిలో వుంది. బజారులో మాత్రం దంతానికి ధర కట్టారు, చేతికి కూలి కట్టారు.

పేరు సంగతి కూడా చూడండి. చాలా పెట్టెలమీద కొన్నవారి పేరుగానీ, పొడి అక్షరాలుగానీ వుంటాయి. చేసినవాడి పేరు వున్నవి బహు తక్కువ. దొరసాని పేరు చెక్కినది కంసాలే. తనకు రాని భాషలో, తనకు తెలియని మనిషి పేరును అంత శ్రద్ధగా చెక్కి, తన పేరు చెక్కుకోకుండా పెట్టె ఇచ్చేశాడు. చెక్కుకోవడం అతనికి చేతకాక కాదు కదా!

ఇప్పుడిక ఏనుగు మాట. మా మేనకోడలు అడిగినదాన్ని దాటవెయ్యను. దంతం అంటే ఏనుగు పన్నే. పైకి కనిపించేది కొంత, మిగతాది తలలోపల పుర్రెలో పాతుకుని వుంటుంది. గోరు తీసినట్టు, జుట్టు కత్తిరించినట్టు బతికున్న ఏనుగునుంచి దాన్ని మొదలంటా తీసుకోవడం కుదరదు. మన ఆసియా ఏనుగుల్లో పెద్ద దంతాలుండేవి మగవాటికే. దంతంకోసం వేటాడితే అడవిలో మగ ఏనుగులు కరువై మంద మందే దెబ్బతింటుంది. తాబేటి చిప్పా అంతే, తాబేలు చస్తేగాని రాదు. మూతమీది పువ్వు ఎంత అందంగా వున్నా ఆ చావు దాని అడుగున వుంది. కాదనడం అబద్ధం.

అందుకే చట్టం వచ్చింది. మనదేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేశారు. 1977లో ఏనుగును అందులో గట్టి రక్షణ వున్న మొదటి జాబితాలోకి చేర్చారు. 1986లో సవరించి మన ఏనుగుల దంతపు వ్యాపారాన్ని, 1991లో మళ్లీ సవరించి ఆఫ్రికా దంతపు వ్యాపారాన్నీ ఆపివేశారు. ప్రపంచంలోని అనేక దేశాలు కూడి ఆఫ్రికా దంతపు వర్తకాన్ని ఆపాలని 1989లో నిశ్చయించాయి. ఇవాళ మన ఇళ్లలో తాతలనాటి దంతపు వస్తువున్నా అమ్మకూడదు, ఎవరైనా అమ్మజూపినా కొనకూడదు. వుంచుకోవాలన్నా అటవీ శాఖవారి ధ్రువపత్రం వుండాలి. మా మేనమామగారు ఆ కాగితం పుచ్చుకునే ఆ పెట్టె వుంచారు. ఈ సంగతి ప్రత్యేకించి ఎందుకు చెబుతున్నానంటే, మనలో చాలామందికి తెలియదు. "పాతదే కదమ్మా, తప్పేముంది" అని ఎవరో అమ్మకానికి తెస్తే ఆశపడతాం. ఆశపడవద్దు.

చట్టం మంచిదే. అయితే దానివల్ల ఏనుగు బతికిందని సంతోషించేవాళ్లం, ఆ వులి పట్టిన చెయ్యి ఏమైందని కూడా ఒక్కమాట అడగాలి. మూడు వందల యేళ్లు పదార్థాలు మార్చుకుంటూ వచ్చిన పనివాడు, దంతం పోతే ఇంకొకటి పట్టుకోలేడా? పట్టుకోగలడు, కొనేవాళ్లు చేతిపనిని చూసి కొంటే. దంతం లేని పెట్టెకు విలువ లేదనుకుంటే మాత్రం దంతంతోపాటు ఆ చెయ్యీ పోతుంది.

దీనికి దృష్టాంతం కోసం దూరం పోనక్కరలేదు. పూర్వపు విశాఖ జిల్లాలోనే, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో, వరాహనది ఒడ్డున ఏటికొప్పాక వుంది. అక్కడివాళ్లు అంకుడుకర్రను తరిణెమీద తిప్పుతూ లక్కరంగు పట్టించి భరిణెలు, బొమ్మలు చేస్తారు. రంగులు గింజలనుంచి, బెరళ్లనుంచి, ఆకులనుంచి తీస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దొరికింది. అంటే, ఆ వూరి పని ఆ వూరి పేరుమీదే అమ్మాలన్నమాట. కర్ర, లక్క, చెయ్యి, ఈ మూడే చాలు. ఏ ప్రాణీ చావనక్కరలేదు. విశాఖ పెట్టెమీద గీతల్లో నిండిన లక్కకు ఏటికొప్పాక భరిణె మీది లక్క తోబుట్టువే. మన ఆడపిల్లకు సారెలో కుంకుమ భరిణె పెట్టేటప్పుడు ప్లాస్టిక్‌ది కాకుండా అటువంటిది ఒకటి కొని పెట్టామనుకోండి, అది మనం పనివాడి చేతికి కట్టిన ధర. కొనేటప్పుడు "ఇది చేసినాయన పేరేమిటి?" అని అడగండి. ఆ మాటకు డబ్బు ఖర్చు లేదు.

ఇదంతా చదువుకున్నాక మా మేనకోడలికి నేను జవాబు చెప్పాను. "అమ్మాయీ, రెండూ చెయ్యి. ఆ దంతం చూసి సిగ్గుపడు, ఆ గీత చూసి ముచ్చటపడు. ఒకటి వున్నదని రెండోది మరిచిపోకు" అన్నాను. అది కాసేపు వూరుకుని, "మరి అమ్మమ్మ దీన్ని కంసాలి పెట్టె అనేది ఎందుకత్తా?" అంది.

ఎందుకంటే మా అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. మూతమధ్య చట్రంలో వున్న అక్షరాలు ఆవిడకు వట్టి గీతలు. పెట్టె ఎవరిదో చెప్పే ఆ అక్షరాలను చదవలేకపోయింది గనక, చుట్టూ వున్న తీగెను చూసింది. తీగెను చూస్తే చెయ్యి గుర్తుకొచ్చింది. చెయ్యి గుర్తుకొస్తే ఆ చేతిగలవాడి వృత్తి పేరు నోటికొచ్చింది. తాతగారు చెప్పిందో, తనే అనుకుందో, ఆ మాట నలుగురు తరాల నోట నిలిచింది. చేసినవాడి పేరు మాకూ తెలియదు. కాని అది చేసినవాడి పెట్టె అని మాత్రం ఆ చదువురాని ఇల్లాలు రోజుకు పదిసార్లు, వక్క అడిగినప్పుడల్లా, గట్టిగా చెబుతూనే వుండేది.

మీ ఇళ్లలో కూడా అలాంటి పెట్టెలు, భరిణెలు, పీటలు, వుయ్యాలలు వుండే వుంటాయి. ఈసారి దుమ్ము దులిపేటప్పుడు, ఇది ఎవరిచ్చారు, ఎంత పెట్టి కొన్నాం అనేదానితోపాటు ఎవరు చేశారో కూడా పిల్లలకు చెప్పండి. పేరు తెలిస్తే పేరు. తెలియకపోతే, కనీసం వృత్తి, వూరు.